మీ రక్షణ కోసమే ఆపాం

భాద్రపద శుద్ధ పంచమి

ఉదయం పోటు రాకముందే, ఊరి తెప్పల్ని సముద్రం అడుగుకు కట్టి ఉంచే గొలుసుల్లో తూర్పు వరస వాటికి నూనె పెట్టించాను. పడమటి వరసలో నాలుగో తెప్ప అడుగున నాచు బాగా పట్టింది. నూకరాజు బాబాయి నీళ్ళలోకి దిగి గీకి వచ్చాడు. ఆయన భార్య పైడమ్మ పిన్ని ఎండురొయ్యల కూర, అన్నం పంపితే ఇద్దరం గొలుసు గదిలోనే కూర్చుని తిన్నాం.

రాయవలసింది ఇంకొకటుంది. మొగదిబ్బ నుంచి హైమక్క రోజూ పంపే అలల లెక్కల ఫైలు ఎప్పటిలాగే వేళకు వచ్చింది. తెరవబోతే తెర మీద ఎర్రటి పెట్టె ఒకటి అడ్డం పడింది. "ఈ ఫైలు మరో కంప్యూటరు నుంచి వచ్చింది. మీకు హాని చేయవచ్చు. మీ రక్షణ కోసమే ఆపాం." కింద చిన్న అక్షరాల్లో "అయినా తెరువు" అని ఉంది. నొక్కాను, తెరుచుకుంది. మోటార్లు ఫైలు చదువుకుని గొలుసుల్ని ఒక్కొక్కటిగా సడలించాయి. ఊరు పోటుతో పాటు మెల్లగా పైకి లేచింది. బడి తెప్ప మీద పిల్లలు ప్రార్థన కూడా ఆపలేదు. అంత నెమ్మదిగా లేవాలి. అదే మా పని.

"ఏంటమ్మాయ్ ఆ ఎర్రడబ్బా?" అన్నాడు బాబాయి, చేయి కడుక్కుంటూ.

"కొత్త కావలి బాబాయ్. మొన్న మెట్ట నుంచి ఎక్కించారు చూడు, అదే."

"హైమమ్మ పంపింది కూడా అనుమానమేనా దానికి? ఆవిడ్ని నమ్మకపోతే ఇంకెవర్ని నమ్ముతాదంట?"

నవ్వుకున్నాం. కావలి వచ్చిందని నేనేమీ బాధపడలేదు. రెండేళ్ళ క్రితం దక్షిణాన ఒక తేలే ఊరికి ఎవరో దొంగ ఫైలు పంపారు. గొలుసులన్నీ ఒక్కసారిగా బిగిసి, తెప్పలు తిరగబడి, నిద్రలో ఉన్నవాళ్ళు నిద్రలోనే పోయారు. అలాంటిది మా తెప్పలపాలేనికి రాకూడదని కావలి కోసం పెట్టిన అర్జీలో నేనూ సంతకం చేశాను.

భాద్రపద బహుళ విదియ

"అయినా తెరువు" అన్న మాట తీసేశారు. దాని చోట "అనుమతి కోరు" అని పెట్టారు. కోరాను. జవాబు వచ్చేసరికి పోటు వచ్చి, నిండి, వెనక్కి మళ్ళడం కూడా అయింది.

పున్నమి దాటిన పోట్లు గట్టిగా ఉంటాయి. గొలుసులు వేళకు సడలక తూర్పు వరస తెప్పలు మూడూ ఒక్క కుదుపుతో ఊగిపోయాయి. పైడమ్మ పిన్ని ఇంట్లో పొయ్యి మీది గంజి ఒలికి కాలి మీద పడింది. చర్చి గంట దానంతటదే మోగింది. ఎవరో పోయారేమోనని జనం బయటికి పరిగెత్తుకొచ్చారు.

మెట్ట నగరంలోని రక్షణ మండలికి ఫోన్ చేశాను. ఫోన్లో చాలాసేపు సన్నాయి పాట వినిపించాక శ్రీకర్ అనే కుర్రవాడు పలికాడు. మర్యాదగా మాట్లాడాడు.

"మేడమ్, ఆ ఫైలుకి మండలి ముద్ర లేదు. ముద్ర లేని ఫైలు ఎవరు పంపారో కావలికి తెలియదు కదా."

"నాకు తెలుసు కదండీ. పదకొండేళ్ళుగా ఆవిడే పంపుతోంది. ఒక్కసారి కూడా తప్పు రాలేదు."

"మీరు నమ్ముతున్నారు, అర్థమైంది మేడమ్. కానీ మీరు నమ్ముతున్నారన్న సంగతి నమోదు చేయడానికి ఇక్కడ చోటు లేదు. ఆవిణ్ణి ముద్రకి దరఖాస్తు చేసుకోమనండి. ఇదంతా మీ రక్షణ కోసమే."

ఫోన్ పెట్టాక గొలుసుల దగ్గరికి వెళ్ళాను. తూర్పు వరస రెండో తెప్ప కీలు దగ్గర ఇనుము మెరుస్తోంది. కొత్తగా ఒరుసుకున్న మెరుపు.

ఆశ్వయుజ శుద్ధ తదియ

హైమక్కకు ముద్ర ఇవ్వలేదు.

ఆవిడ దరఖాస్తులో చిరునామా దగ్గర మొగదిబ్బ అని రాసిందట. మండలి పటంలో మొగదిబ్బ ఎప్పుడో మునిగిపోయింది. డెల్టా మునిగిన ఏడాది చుట్టూ గీత గీసి నీలం రంగు వేసేశారు. మునిగిన చోట మనుషులుండరు. మనుషుల్లేని చోటికి ముద్ర ఎలా ఇస్తారు?

రేడియోలో చెబుతూ ఆవిడ నవ్వింది గానీ ఆ నవ్వులో పస లేదు.

"దిబ్బ మీద నిలబడి మాట్లాడుతున్నా ఎస్తేరూ. కాళ్ళకి ఇసక తగులుతోంది. వాళ్ళకి ఫోటో కూడా పంపాను."

"ఏమన్నారు?"

"ఫోటో మరో కంప్యూటరు నుంచి వచ్చిందట. తెరుచుకోలేదట."

హైమక్కను నేనెప్పుడూ చూడలేదు. గొంతు మాత్రమే తెలుసు. నీళ్ళు రాకముందు ఆవిడ సముద్ర పరిశోధన శాఖలో పెద్ద ఉద్యోగి. శాఖ మొత్తం మెట్టకు తరలిపోతే ఆవిడా, మరో పది కుటుంబాలూ దిబ్బ మీద ఉండిపోయారు. సముద్రంలో వదిలిన తేలే పరికరాలు మెట్ట నుంచి చూస్తే కనిపించవు, వాటికి దగ్గర్లో మనిషి ఉండాలి అన్నది ఆవిడ వాదన. శాఖ ఒప్పుకోలేదు. ఆవిడా పరికరాల్ని వదల్లేదు. వాటి లెక్కల్లోంచే మా అలల ఫైలు పుడుతుంది. నాకు పెళ్ళయినప్పుడు, బిడ్డ పోయినప్పుడు, అమ్మను సముద్రానికి అప్పగించినప్పుడు రోజూ ఉదయం ఆ గొంతు వినబడింది. ముందు సముద్రం సంగతి చెప్పేది, తర్వాత నా సంగతి అడిగేది.

"సరే, ఫైలు వద్దు," అంది చివరికి. "అంకెలు నేను చదువుతాను. నువ్వు చేత్తో ఎక్కించుకో. చేత్తో కొట్టేదానికి ముద్ర ఎవరడుగుతారు?"

ఆశ్వయుజ శుద్ధ దశమి

హైమక్క చదువుతోంది, నేను కొడుతున్నాను. బాబాయి పక్కన కూర్చుని తిరిగి అప్పజెబుతాడు, తప్పు పడకుండా. ఉదయమంతా దీనికే పోతోంది. వేళ్ళు నొప్పి పుడుతున్నాయి గానీ ఊరు మళ్ళీ మెత్తగా లేస్తోంది. ఇవాళ దసరా. హైమక్క అంకెలన్నీ చదవడమయ్యాక బాబాయిని పాట పాడమంది. వల లాగే పాట ఒకటి అందుకున్నాడు. అవతల దిబ్బ మీద ఎవరో చప్పట్లు కొట్టడం వినిపించింది.

ఆశ్వయుజ బహుళ చవితి

అంకెలు సగం ఎక్కించాక తెర ఎర్రబడింది.

"అడ్డుకున్న ఫైలులోని విషయాన్నే చేత్తో ఎక్కించే ప్రయత్నం గుర్తించాం. మీ రక్షణ కోసమే ఆపాం."

ఆ మాట మళ్ళీ చదివాను. ఫైలు తెరవనివ్వదు. కానీ ఫైల్లో ఏముందో దానికి తెలుసు. మేమే చూడకూడదు.

దానితో ఆగలేదు. గొలుసు చక్రాల దగ్గర టపటపమని చప్పుడైంది. వెళ్ళి చూస్తే ప్రతి చేతిచక్రానికీ ఇనుప చీల దిగింది. మోటారు ఆగినప్పుడు మనుషులు తిప్పుకోవడానికి పెట్టిన చక్రాలవి. ఇక చేత్తో తిప్పడం కూడా లేదు.

మధ్యాహ్నం మండలి నుంచే ఒక ఫైలు వచ్చింది. ముద్ర ఉంది. పచ్చటి గుర్తు పడింది. అడక్కుండానే తెరుచుకుంది. మోటార్లు దాని ప్రకారం తిరగడం మొదలుపెట్టాయి. చదివి చూశాను. అది మా సముద్రం కాదు. ఎక్కడెక్కడి తీరాల లెక్కలన్నీ కలిపి సగటు తీసిన సముద్రం. దానికి ఉప్పెన లేదు, పున్నమి లేదు. ఏ రోజుకా రోజు ఒకే ఎత్తు అల.

"మన ఒళ్ళు కొలవకుండా కుట్టిన చొక్కా ఇది," అన్నాడు బాబాయి. "తొడుక్కోమంటన్నారు. తొడుక్కోపోతే అరెస్టంటారు కాబోలు."

ఆశ్వయుజ బహుళ ద్వాదశి

ఊరి పెద్ద ధనుంజయ గారి దగ్గరికి బాబాయిని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆయన వాకిట్లో వలకు సీసపు గుళ్ళు కట్టుకుంటున్నాడు. రెండో తెప్ప కీలు బీటలు వారిందని చెప్పాను. కావలిని విప్పేసి, చీలలు తీసేసి, హైమక్క లెక్క ప్రకారం మేమే నడుపుకుంటామన్నాను.

ఆయన తలెత్తకుండానే విన్నాడు.

"పెదతెప్ప వాళ్ళు విప్పేశారు, గుర్తుందా?"

గుర్తుంది. మా పొరుగున తేలే ఆ ఊరు కావలిని విప్పేయగానే, కావలి లేని ఊరు ప్రమాదకరమైన ఊరని మండలి రాసింది. ప్రమాదకరమైన ఊరికి మంచినీళ్ళ ఓడ వెళ్ళకూడదన్నది నియమం. ఓడ ఆగిపోయింది. వాననీళ్ళు అయిపోయాక ఉప్పునీళ్ళు కాచుకుని తాగారు. ముందు పసిపిల్లలకి విరేచనాలు పట్టుకున్నాయి. మా ఊరి పడవలు కడవలతో వెళ్ళేసరికి పక్కనున్న ఇసకదిబ్బ మీద రెండు చిన్న గోతులు తవ్వి ఉన్నాయట.

"ఆటిని నేనే సూశాను," అన్నాడు ధనుంజయ గారు. "ఇంత. ఇంతేనమ్మా గొయ్యి. కీలు బీటేస్తే అతుకేసుకుందాం. నీళ్ళాపేస్తే ఏం సేత్తాం? నువ్వు సెప్పు."

బాబాయి అన్నాడు, "గాలొచ్చిన్నాడు అతుకు ఆగదు ధనుంజయా."

"గాలొచ్చిన్నాడు సూద్దాం."

ఆయన్ని తిట్టుకుంటూ వచ్చాను. దారిలో బాబాయి నన్ను ఆపాడు. "ఆడి మీద ఎందుకులే కోపం. ఆడు సెప్పిందీ నిజమే, మనం సెప్పిందీ నిజమే. అబద్దం సెప్పేది పచ్చ గుర్తొక్కటే."

కార్తీక శుద్ధ అష్టమి

అష్టమి పోటు సన్నగా ఉంటుంది కాబట్టి కుదుపు లేదు. రెండో తెప్ప కీలుకు అతుకు వేశాం. బడి పంతులు వచ్చి పిల్లలు భయపడుతున్నారనీ, కుదుపు వచ్చినప్పుడల్లా బల్లల కింద దూరుతున్నారనీ చెప్పాడు. అనుమతి కోరుతూ ఇవాళ్టికి ఎన్ని అర్జీలు పెట్టానో లెక్క మరిచిపోయాను. ప్రతి దానికీ జవాబు మాత్రం వచ్చింది. "మీ అర్జీ మాకు ముఖ్యం."

కార్తీక శుద్ధ చతుర్దశి

మధ్యాహ్నం అన్నం వేళ హైమక్క ఫైలు వచ్చింది. రోజూ ఉదయం తప్ప ఆవిడ ఎప్పుడూ పంపదు. ఎర్ర పెట్టె పడింది. వెంటనే రేడియో మోగింది.

"ఎస్తేరూ, విను. బయట పరికరాలు రెండు పలకడం మానేశాయి. మూడోది పలుకుతోంది గానీ అది చెబుతున్న అల ఎత్తు నేనెన్నడూ చూడలేదు. రేపు పొద్దున పున్నమి పోటు మీద వచ్చి పడుతుంది. మీ తూర్పు వరస గొలుసులు ఈ సాయంత్రం లోపల పూర్తిగా సడలించేయండి. మూడు తెప్పల మీదా మనుషుల్ని ఉంచొద్దు."

"ఫైలు తెరుచుకోవడం లేదక్కా."

"తెరుచుకోకపోతే పోయింది. నోటితో చెబుతున్నాను కదా!"

మండలి ఫైలు చూశాను. పచ్చ గుర్తు. రేపు సముద్రం మామూలు.

బాబాయి అప్పటికే మూల నుంచి సమ్మెట తీశాడు. "చీలలు కొట్టేద్దాం అమ్మాయ్. ఇప్పుడైతే గొలుసు మీద బరువు లేదు. తెల్లారితే బిగుసుకుపోద్ది. బిగుసుకున్న గొలుసు జోలికి ఎవడూ ఎల్లలేడు."

"ధనుంజయ గారికి చెప్పకుండా ఎలా? చీల విరిగిన క్షణం మండలికి తెలిసిపోతుంది. ఓడ రేపో ఎల్లుండో రావాలి."

ధనుంజయ గారిని పిలిచి, ముగ్గురం కలిసే మండలికి ఫోన్ చేశాం. శ్రీకరే పలికాడు. నేను కేకలు వేశాను. అతను అన్నీ విని, గొంతు తగ్గించి అన్నాడు, "మేడమ్, నా ముందు ఆ బటన్ లేదు. ఎవరి ముందుందో నాకు నిజంగా తెలియదు. అత్యవసరం అని రాసి పైకి పంపుతాను. పొద్దున్నే జవాబు వస్తుంది."

"పొద్దున్నే సముద్రం వస్తుందయ్యా!"

"అది కూడా రాస్తాను మేడమ్."

ధనుంజయ గారు బయటికి వచ్చి సముద్రాన్ని చూశాడు. ఎండగా ఉంది. నీళ్ళు నూనె పోసినట్టున్నాయి. ఒక్క మబ్బు లేదు. "మనుషుల్ని పొద్దున్నే తీసేద్దాం. గొలుసుల సంగతి జవాబొచ్చాక సూద్దాం," అన్నాడు.

బాబాయి నా వైపు చూశాడు. నేను ధనుంజయ గారి మాట కాదనలేదు. సమ్మెట మళ్ళీ మూలన పెట్టేశాడు.

కార్తీక బహుళ తదియ

పున్నమి నాడూ ఆ తర్వాతా రాయలేదు. ఇవాళ రాస్తున్నాను.

పున్నమి తెల్లవారుతూనే తూర్పు గాలి మొదలైంది. ధనుంజయ గారు తానే ఇల్లిల్లూ తిరిగి తలుపులు బాది తూర్పు వరస జనాన్ని బడి తెప్ప మీదికి తోలాడు. పైడమ్మ పిన్ని కోళ్ళ గంప నెత్తిన పెట్టుకుని, కాలిన కాలితో కుంటుతూ వచ్చింది. అందరూ చేరారు. అంతవరకు బాగానే జరిగింది.

తర్వాత అల వచ్చింది. పోటు మీద పోటులా, నీటి గోడ కాదు గానీ నీరే ఎత్తుగా జరిగి వచ్చినట్టు. సడలని గొలుసులు తూర్పు తెప్పల్ని కిందికి పట్టుకున్నాయి, నీరు పైకి లేపుతోంది. కీళ్ళు ఒక్కొక్కటే మూలగడం మొదలైంది. తూర్పు తెప్పలు ఆ బిగువు మీద తెగితే నేరుగా వచ్చి బడి తెప్ప మీద పడతాయి. తూర్పు వరస జనమంతా దాని మీదే ఉన్నారు.

తెర మీద పచ్చ గుర్తు అలాగే ఉంది.

బాబాయి సమ్మెట అందుకున్నాడు. వెనకాలే నేనూ వెళ్ళాను. ధనుంజయ గారు దారికి అడ్డం రాలేదు. తెప్పల మధ్య వంతెన తాడును మేం దాటేదాకా తానే బిగించి పట్టుకున్నాడు.

మొదటి చక్రం చీల నాలుగు దెబ్బలకు విరిగింది. గొలుసు గర్రుమని జారి, తెప్ప ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నట్టు పైకి లేచింది. రెండోదీ అంతే. మూడో చక్రం దగ్గర గొలుసు తీగలా బిగిసి ఉంది. చేయి పెడితే సన్నగా వణుకుతోంది.

"అమ్మాయ్, నువ్వా గోడెనక్కెల్లు."

"ఇద్దరం కొడదాం బాబాయ్."

"ఇద్దరూ ఒక్కచోట నిలబడితే ఎలాగే? ఎల్లు. గోడెనకాల కూకో. సెవులు మూసుకో."

వెళ్ళాను. సమ్మెట దెబ్బలు వినిపించాయి. చీల విరిగిన చప్పుడు కూడా విన్నాను. గొలుసు జారుతున్న చప్పుడు మొదలైంది, మధ్యలో ఆగింది. తర్వాత వచ్చిన చప్పుడు ఎలాంటిదో నాకు రాయడం రాదు. బయటికి వచ్చేసరికి తెప్ప తేలికపడి లేచి ఉంది. గొలుసు కొరడాలా తిరిగి చక్రాన్ని ఊడ్చుకుపోయింది. చక్రం ముందు నిలబడ్డ మనిషీ లేడు. తెప్ప అంచున సమ్మెట కర్ర విరిగిన ముక్క దొర్లుతోంది.

తెప్ప మాత్రం తెగలేదు. బడి తెప్ప మీద ఒక్కరికీ గీత పడలేదు.

గాలి తగ్గాక పడవలన్నీ వెతికాయి. దొరకలేదు.

కార్తీక బహుళ పంచమి

మండలి నివేదిక వచ్చింది. ముద్రతో, పచ్చ గుర్తుతో, అడక్కుండానే తెరుచుకుంది.

"తుపాను సమయంలో కావలి సక్రమంగా పనిచేసింది. నిషేధిత ఫైలు ఏదీ లోపలికి ప్రవేశించలేదు. ప్రాణనష్టం లేదు. తాళాలు పగలగొట్టిన ఒక ఉద్యోగి నియమ ఉల్లంఘన కారణంగా గల్లంతయ్యాడు. అది తుపాను నష్టం కింద రాదు."

కింద ఊరి పెద్ద సంతకానికి చోటు వదిలారు. సంతకం పెడితే తాళాలు విరగడం ఒక్క మనిషి తప్పుగా ముగిసిపోతుంది. పెట్టకపోతే ఊరి తప్పవుతుంది. మంచినీళ్ళ ఓడ అప్పటికే దూరంగా కనిపిస్తోంది. ఆగి ఉంది. జవాబు కోసం ఆగి ఉంది.

ధనుంజయ గారు నా బల్ల దగ్గరే కూర్చున్నాడు. ఆయన చేతికి ఇంకా వంతెన తాడు ఒరుసుకున్న గాయాలున్నాయి.

"ఆడు నాతో కలిసి వలేసినోడు," అన్నాడు. "మా తమ్ముడి పెళ్ళిలో పల్లకీ మోసినోడు."

సంతకం పెట్టాడు. ఓడ కదిలింది.

సాయంత్రం శ్రీకర్ ఫోన్ చేశాడు. నా అత్యవసర అర్జీని మూసేశారని చెప్పాడు. మూసేశాక ఒక ప్రశ్న అడగాలట, నియమమట.

"మేడమ్... మా సేవ మీకు ఎంతవరకు తృప్తి కలిగించింది? ఒకటి నుంచి అయిదు లోపల చెప్పాలి."

ఫోన్ చెవి నుంచి తీసి బల్ల మీద ఉంచాను. అతను పెట్టేయలేదు. చివరికి "నన్ను క్షమించండి" అన్నాడు. ఆ మాట మండలిదో అతనిదో నాకు తెలియలేదు.

కార్తీక బహుళ సప్తమి

పొద్దున్న మొగదిబ్బ వైపు నుంచి తెరచాప పడవ ఒకటి వచ్చింది. పడవ ముందు భాగంలో తెల్లజుట్టు మనిషి నిలబడి ఉంది. పొట్టిగా, కళ్ళద్దాలకు దారం కట్టుకుని. పలకరించేదాకా ఎవరో తెలియలేదు. పలకరించగానే తెలిసిపోయింది.

"ఎస్తేరూ," అంది హైమక్క. "ఆయన్ని తీసుకొచ్చాను."

ప్రవాహం మొగదిబ్బకే చేర్చిందట. చేతి మీద పైడమ్మ అని పచ్చబొట్టు చూసి పోల్చుకున్నారట. తెల్లబట్టలో చుట్టి, మీద దిబ్బ మీది గన్నేరు పూలు వేసి తెచ్చారు.

దహనం మా ఊళ్ళో కుదరదు. పడమటి తెప్ప చివర నుంచి, రాయి కట్టి, సముద్రానికే అప్పగిస్తాం. అందరూ వచ్చారు. ధనుంజయ గారు ముందు భుజం పట్టాడు. ఎవరూ ఆయన్ని ఏమీ అనలేదు.

అయ్యాక నేనూ హైమక్కా పైడమ్మ పిన్ని ఇంటికి వెళ్ళాం. చుట్టాలు వెళ్ళిపోయారు. పిన్ని గోడకి ఆనుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఏడుపు అయిపోయిన ముఖం. హైమక్క కేసి చూసింది.

"మీరేనా ఆ హైమమ్మగారు? మీ మాట రోజూ సెప్పేవోడు. సముద్రం లోపలి సంగతి ఆవిడకి తెలుసనేవోడు."

హైమక్క పిన్ని చేయి పట్టుకుంది.

"అమ్మగారూ, ఒకటడుగుతాను. మీరేదో ఫైలు పంపారంట, అది తెరుచుకోలేదంట. ఊళ్ళో అందరూ అదే అంటన్నారు. తెరుచుకునుంటే బతికేవోడంటన్నారు. అందులో ఏముందో నాకు సెప్పండి. నాకు సదువు రాదు. సదివి సెప్పండి."

"ఎక్కువేమీ లేదమ్మా," అంది హైమక్క. "తూర్పు వరస గొలుసులు సాయంత్రంలోగా సడలించమని. మనుషుల్ని తీసేయమని."

"అంతేనా?"

"అంతే."

"ఇంత చిన్న మాటకి ఫైలెందుకమ్మా? నోటితో సెప్పేత్తే పోయేది కదా."

హైమక్క తల దించుకుంది. జవాబు చెప్పవలసింది ఆవిడ కాదు.

"చెప్పింది పిన్నీ," అన్నాను. "ముందురోజు మధ్యాహ్నమే రేడియోలో చెప్పింది."

"ఎవరికి?"

"నాకు."

"మా ఆయనకి తెలుసా?"

"పక్కనే ఉన్నాడు. అప్పుడే చీలలు కొట్టేద్దామన్నాడు."

"ధనుంజయకో?"

"తెలుసు."

"ఆ మెట్టోళ్ళకి?"

"ఫోన్ చేసి చెప్పాం."

పిన్ని ఒక్కొక్క మాటనూ తలాడిస్తూ విన్నది. కోప్పడుతుందనుకున్నాను. కొడుతుందేమో, కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆవిడ చాపిన కాళ్ళు ముడుచుకుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"అయితే అందరికీ తెలుసన్నమాట," అంది. "నేనింకా ఎవరికీ తెలీక పోయాడనుకుంటన్నాను."

గోడ పట్టుకుని లేచి లోపలికి వెళ్ళింది. మమ్మల్ని ఉండమనలేదు, వెళ్ళమనలేదు.